నడవని గీత

ఆనాటి సమావేశానికి హాజరైనవారు, గదిలోకి వచ్చిన వరుసలో: అధ్యక్షులు, అనగా నా భార్యకు స్వయానా అన్నగారు, ఎముకల డాక్టరుగారు, కార్యదర్శి హోదాలో నేను, కుట్టుమిషను మీద బతికే ఒక తల్లి, ఆవిడ భుజం ఆసరాగా, కుడికాలికి తొడ నుంచి మడమ దాకా పిండికట్టుతో ఆవిడ కూతురు, అందరికంటే చివర, చెప్పులు గుమ్మం బయట విడిచి, చదును మేస్త్రి. కుర్చీలు ఐదే ఉన్నాయి. ఆరవది తెప్పించాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

తేల్చవలసిన విషయం ఒక్కటే. మేస్త్రి తన పనిలోనూ, టెన్నిస్ కోర్టుల వెనక ఆయన కాపురముంటున్న రెండు గదుల్లోనూ కొనసాగుతారా లేదా అన్నది. నేనిప్పుడు ఆయనను బహువచనంలో ప్రస్తావిస్తున్నాను. ఆ రోజుల్లో ఎదుట నిలబెట్టి 'నువ్వు' అనేవాణ్ణి.

మా పోటీ ముప్పయి నాలుగేళ్లు జరిగింది. మట్టి కోర్టుల మీద జరిగే టెన్నిస్ పోటీ ఆ ప్రాంతంలో అదొక్కటే కావడంతో చుట్టుపక్కల పదకొండు పట్టణాల నుంచి ఆటగాళ్లు వచ్చేవారు. సిమెంటు నేల మీద బంతి జర్రున దూసుకుపోతుంది. మట్టి మీద అది కొంచెం ఆగి, పైకి లేచి, అవతలి మనిషి ఓపికకు పరీక్ష పెడుతుంది. ఎవరితో ఎవరు ఆడతారో తెలిపే పట్టిక ప్రతి ఏడూ నా దస్తూరితో గేటు దగ్గర అంటించేవారు. అందులో ఒక్క కొట్టివేత కూడా ఉండేది కాదు. ఆ సంగతి నలుగురూ చెప్పుకుంటే వినడం నాకు ఇష్టంగా ఉండేది.

పోటీకి పేరు నా దస్తూరి వల్ల రాలేదు, మేస్త్రి వల్ల వచ్చింది. సున్నంతో గీసిన గీతలు వానకు కొట్టుకుపోతాయి కనుక, మా కోర్టుల్లో తెల్లని పట్టీలు పరిచి జానెడుకొక మేకు కొట్టించాం. వాన పడితే నేల ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. నేల కుంగినంతగా మేకు కుంగదు, దాని తల పైకి తేలుతుంది. పరుగున వచ్చి జారే ఆటగాడి బూటు తగులుకోవడానికి బియ్యపుగింజంత ఎత్తు చాలు.

అందుచేత వాన వెలిసిన మరునాడు మేస్త్రి ప్రతి గీత మీదా వట్టికాళ్లతో నడిచేవారు. కంటికి ఆననిది అరికాలికి తెలుస్తుందని ఆయన నమ్మకం. ఎక్కడ ఆగితే అక్కడ గొంతుక్కూర్చుని, చిన్న సుత్తితో మేకు దిగగొట్టి, లేచి మళ్లీ నడక సాగించేవారు. ఒక కోర్టుకు గంటన్నర పట్టేది. "మేస్త్రి కోర్టుకి కాళ్లు పడుతున్నాడ్రోయ్" అని కుర్రాళ్లు వేళాకోళం చేసేవారు. "కాళ్లు పట్టించుకోవాల్సిన వయసు మీదా నాదా?" అనేవారాయన తల ఎత్తకుండానే. ఆ నడక పూర్తయ్యాకే కొత్త ఇటుక పొడి చల్లి, వల లాగి నేలను చదును చేయాలి. ఈ వరుస తప్పడానికి వీల్లేదు. పొడి ముందు పడితే మేకుల తలలు దాని కింద మూసుకుపోతాయి. ఆ తరువాత అవి కంటికీ ఆనవు, కాలికీ అందవు.

ముప్పయి మూడవ సంవత్సరం, స్త్రీల ఫైనల్ ముందురోజు సాయంత్రం కుండపోతగా వాన కురిసింది. ఆట మరునాడు పదకొండు గంటలకు. అయితే ఉదయం ఎనిమిదిన్నరకు ముఖ్య అతిథి కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. ఆయన తొమ్మిదిన్నరకు వచ్చి, పదిన్నరకల్లా వెళ్లిపోవాలట. నేను ఎవరినీ సంప్రదించకుండా, ఆట తొమ్మిదిన్నరకే అని చెప్పి, కోర్టు దగ్గరకు నడిచాను. అప్పటికి మేస్త్రి పక్క గీతలూ, మధ్య గీతలూ, ఇవతలి వెనక గీతా ముగించారు. అవతలి వెనక గీత ఒక్కటి మిగిలి ఉంది.

"మేస్త్రీ, పొడి చల్లించు. అరగంటలో ఆట."

"అవతలి గీతుంది సార్. ఇరవై నిమిషాలియ్యండి."

"ఇరవై నిమిషాలు నా దగ్గర లేవు. కోర్టు చూడు, గేదెలు తిరిగినట్టుంది. పెద్దమనిషి వచ్చేసరికి నున్నగా కనపడాలి."

"కనపడితే సరిపోద్దా సార్? ఆడేది పిల్లలు."

"నాకు పాఠాలు చెప్పకు. పాతికేళ్ల నుంచి నడుస్తున్నావు, ఎవరైనా పడ్డారా?"

"నడుస్తున్నాను గనకే పడలేదు సార్."

నేను నవ్వాను. చక్కని జవాబు వింటే నవ్వడం నాకు అలవాటు. నవ్వి, పక్క కోర్టులో ఉన్న ఇద్దరు కూలీలను పిలిచి పొడి చల్లమన్నాను. మేస్త్రి సుత్తి చేత్తో పట్టుకుని కాసేపు ఆ గీత పక్కనే నిలబడ్డారు. పొడి పాదాల మీద పడుతుంటే పక్కకు జరిగారు. ఆ సంభాషణ మేమిద్దరం తప్ప ఎవరూ వినలేదు.

ఫైనల్ చేరిన అమ్మాయిల్లో ఒకరిని అందరూ ఎడంచెయ్యి అని పిలిచేవారు. పందొమ్మిదేళ్ల పిల్ల. బట్టలు కుట్టే తల్లి తప్ప వెనక ఎవరూ లేరు. ఆ నెలాఖరుకు దేశపు జట్టు శిక్షణకు వెళ్లవలసి ఉంది. మొదటి సెట్టు గెలిచి, రెండవ దానిలో నాలుగు మూడుతో ముందంజలో ఉండగా, మూలకు పడిన బంతి కోసం అవతలి వెనక గీత మీదుగా జారింది. కాలు జారవలసిన చోట జారక ఆగింది, ఒళ్లు ఆగలేదు. తడిగుడ్డ చించినట్టు ఒక శబ్దం నా కుర్చీ దాకా వినిపించింది. ముఖ్య అతిథి గడియారం చూసుకుంటున్నారు.

డాక్టరుగారు ఆ పిల్ల మోకాలి దగ్గర కూర్చుంటే, మేస్త్రి మూడడుగుల అవతల మోకరిల్లి అరచేత్తో పొడి తుడిచారు. మేకు కందిగింజంత ఎత్తున లేచి ఉంది. ఆయన దాని వంక చూసి, తరువాత నా వంక చూశారు. 

మధ్యాహ్నం భోజనాల దగ్గర నా భార్య అడిగింది. "ఏమండీ, గీత నడవకుండా మేస్త్రి కోర్టు ఆటకిచ్చాడా? ఇచ్చే మనిషేనా?"

"ముందు వడ్డించు."

"వడ్డిస్తాను. మా అన్నయ్యకి ఏం చెప్తారో అది ముందు నాకు చెప్పండి."

సాయంత్రానికి చొక్కా ఇస్త్రీ చేయించమన్నాను. ఆవిడ పళ్లెంలో గరిటె అలాగే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

మూడవ రోజున సమావేశం. పోటీకి గుర్తింపునిచ్చే సంఘం వారు ప్రమాదానికి కారణమేమిటో రాతపూర్వకంగా తెలపమన్నారు. ఏం పంపాలో మా బావగారు అంతకుముందే నిశ్చయించుకున్నారు. దాని చిత్తుప్రతి రాసింది నేను. 'వాన అనంతరం నేను జరపవలసిన తనిఖీని నా అశ్రద్ధ వలన పూర్తి చేయలేదు' అన్నది అందులో ముఖ్యమైన వాక్యం. కింద మేస్త్రి సంతకానికి చోటు వదిలాను. సంతకం చేస్తే మందలింపుతో సరి. చేయకపోతే వారంలోగా పనీ గదులూ వదలాలి.

"చూడు మేస్త్రీ, ఎవరి పొట్టో కొట్టాలని మేం కూచోలేదు. సంతకం పెట్టు, రేపొద్దున్నే పన్లోకి రా. ఏమంటావు బావా?" అన్నారు బావగారు.

"అంతే బావగారూ," అన్నాను.

"ఒకసారి చదవండి సార్. పెద్దక్షరాలైతేనే నాకు కూడబలుక్కోడం వచ్చు," అన్నారు మేస్త్రి.

చదివాను. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, స్పష్టంగా చదివాను.

"బాగా రాశారు సార్. నడవలేదన్నది నిజమే. ఎందుకు నడవలేదో అదొక్క ముక్క కూడా రాయండి, ఇప్పుడే పెట్టేస్తాను."

"ఎందుకు నడవలేదు మరి?" అని డాక్టరుగారు అడిగారు.

"సార్ వద్దన్నారు. ముందు పొడి చల్లించమన్నారు."

గదిలో ఉన్నవారందరూ నా వైపు తిరిగారు. ఆ తల్లి మెల్లగా అడిగింది. "అయ్యా, మీరన్నారా?"

"కోర్టు త్వరగా సిద్ధం చేయమన్నాను. గీత వదిలేయమని నేను అనలేదు," అన్నాను.

మాటకు మాటగా తూచి చూస్తే అందులో తప్పు దొరకదు. నా జీవితంలో అంతకంటే పెద్ద అబద్ధం నేను ఆడలేదు.

బావగారు కుర్చీలో వెనక్కి వాలారు. "విన్నావుగా. ఇంకేం కావాలి?"

అప్పటిదాకా మాట్లాడని ఎడంచెయ్యి అంది, "పెట్టెయ్ బాబాయ్. నీ మీద నాకేం కోపం లేదు. నా కాలెలాగూ పోయింది. పిన్నిని ఎక్కడికి తీసుకెళ్తావ్?"

"నీకు కోపం లేదా?"

"లేదు."

"ఇవాళ లేదమ్మా. రేపు మెట్లెక్కలేనప్పుడు వస్తుంది. అశ్రద్ధ చేశానని నేనే రాసిచ్చాననుకో, నీ జన్మంతా నన్నే తిట్టుకోవాలి. తిట్టుకునేదేదో సరైన మనిషిని తిట్టుకో." ఇంత చెప్పి ఆయన కొంచెం నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు, కళ్లు తుడుచుకుంది.

"అంటే మా బావ అబద్ధమాడుతున్నాడంటావు," అన్నారు బావగారు.

"నేనేమీ అనట్లేదు సార్. ఇంకొక్కసారి అడగండి ఆయన్ని. అదే మాట ఇంకోసారి చెప్తే, మీరు చెప్పినట్టే సంతకం పెట్టి పోతాను."

నా జీవితంలో నాకు ఇంత సులువైన అవకాశం ఎవరూ ఇవ్వలేదు. రెండవసారి అడిగితే నేను నిజం చెప్పేవాడినని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు అనుకోవడం లేదు. ఏమైనా, ఎవరూ అడగలేదు. డాక్టరుగారు కిటికీ వైపు చూశారు. బావగారు నా వంక చూసి, నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో, కలానికి మూత పెట్టేశారు. ఆయన అడగకపోవడానికి కారణం నేను అడగకుండానే తెలుసుకున్నాను.

"అయితే వారం," అన్నారు.

"అంతకాలం అక్కర్లేదు సార్," అన్నారు మేస్త్రి.

నాలుగో రోజుకు గదులు ఖాళీ అయ్యాయి. భార్యాభర్తలిద్దరూ ఒక తోపుడుబండి మీద సామాను సర్దుకుని, వెనక గేటు గుండా వెళ్లిపోయారని కూలీలు చెప్పారు. సంఘానికి వెళ్లవలసిన నివేదికలో, కోర్టుల సంరక్షకుడు తన తప్పు ఒప్పుకోక పని వదిలి వెళ్లాడని రాసి, నేనే సంతకం చేశాను. బావగారు అది చదవకుండా ముద్ర వేశారు.

మరుసటి సంవత్సరం కోర్టుల పని ఒక గుత్తేదారుకు అప్పగించాం. ఆయన దగ్గర యంత్రాలున్నాయి. గీతల మీద నడిచే మనుషులు లేరు. ఆ ఏడు ఇద్దరికి చీలమండలు బెణికాయి. మేస్త్రి లేని మట్టి మీద ఆడబోమని ఆటగాళ్లు నా ముఖానే చెప్పారు. ఆ పై ఏడు పట్టిక రాయడానికి కూర్చుంటే పేర్లు తొమ్మిదే వచ్చాయి. కాగితం మడిచి సొరుగులో పెట్టాను. పోటీ అలా ముగిసింది. ఏ తీర్మానమూ చేయలేదు.

ఎడంచెయ్యిని నేను ఆ తరువాత ఒక్కసారే చూశాను, ఒక ఆసుపత్రి మెట్ల మీద. ఒక చేత్తో మెట్ల కమ్మీ పట్టుకుని, మెట్టు మెట్టుకూ రెండు పాదాలూ ఆనించి ఎక్కుతోంది. "నమస్కారం సార్" అంది. నేను పక్కకు తప్పుకుని దారి ఇచ్చాను. అంతకుమించి ఏమీ చేయలేదు.

ఇప్పుడా మైదానంలో వాహనాలు నిలుపుతున్నారు. పాత ఆటగాళ్లు కొందరు జ్ఞాపక సంచిక తెస్తున్నామనీ, పోటీ చరిత్ర రాసిమ్మనీ అడిగారు. "ఎందుకు ఆగిందో పెద్దగా అక్కర్లేదు సార్, వానలూ ఆదరణ లేకపోవడమూ అని రాసేయండి" అన్నారు. బావగారూ డాక్టరుగారూ గతించారు. నా భార్యా లేదు. గరిటె వదిలేసి వెళ్లిన ఆనాటి నుంచి ఆవిడ ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. మేస్త్రి ఉన్నారో లేరో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఇరవై రెండేళ్ల వ్యవధి ఉండింది. ఆ ప్రయత్నమూ నేను చేయలేదు.

కావున, ఆ పోటీకి కార్యదర్శిగా పనిచేసి, నాటి బాధ్యులలో నేటికి మిగిలిన ఏకైక వ్యక్తిగా నేను నమోదు చేయునది: అవతలి వెనక గీత నడవకుండా పొడి చల్లమన్న ఆదేశం నాది. వద్దని చెప్పినవారు మేస్త్రి. నాటి సమావేశంలో ఆయన తనకు తెలిసిన నిజాన్ని ఒక్క మాట ఎక్కువ తక్కువ లేకుండా, నిలబడి చెప్పారు. అబద్ధపు కాగితం మీద సంతకం చేయక, పనినీ ఇంటినీ వదులుకున్నారు. సంఘానికి నేను పంపిన నివేదికను ఇందుమూలంగా ఉపసంహరించుకుంటూ, ఆయన చేసిన ఈ పనికి పోటీ తరఫున, నా తరఫున గౌరవపూర్వకంగా కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను.