అల్లుడికి చెప్పిన కుట్టు

ఆదివారం వస్తే, పరాయి దేశంలో ఫ్లాట్ బుష్ అనే పేటలోని ఆ ఇంట్లో కోడి తొడలు తెచ్చేది కూరకు కాదు, కుట్లకు. డాక్టర్ మధుసూదనరావుగారు డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని, గ్రహణం మొర్రి పెదవిని మచ్చ కనపడకుండా కలిపే కుట్టు అల్లుడు భార్గవ్‌కు నేర్పేవారు. గుంటూరులో ముప్పై ఏళ్లు ఆయనకు పేరు తెచ్చింది ఆ కుట్టే. కూతురు అమృత కూడా సర్జనే, భర్త పనిచేసే ఆసుపత్రిలోనే. అయినా ఆమె దగ్గరికొస్తే చాలు, పెద్దాయన కుడిభుజం ముందుకు జరిగి చేతుల్ని కప్పేసేది.

ఒకరోజు అడిగేసింది. "నాకెందుకు చూపించరు నాన్నా?"

"యూరప్‌లో ఒకప్పుడు మూత్రాశయంలో రాళ్లు తీసే కుటుంబాలుండేవమ్మా. విద్య కొడుక్కి చెప్పేవాళ్లు, లేకపోతే అల్లుడికి. బయటికి పొక్కనివ్వలేదు కాబట్టే తరతరాలు బతికారు. కాస్త టీ పెట్టు."

పెట్టింది. ఒళ్లు మండిపోతుంటే పెట్టింది. మెడిసిన్ చదివించిందీ ఈయనే, సర్జరీ తీసుకోమన్నదీ ఈయనే. కుట్టు దగ్గరికొచ్చేసరికి కూతురు పరాయిదైపోయింది! అయితే ఆ మహానుభావుడికి తెలియనిది ఒకటుంది. టీ కాచే చోట నిలబడితే, గోడకు బిగించిన ఓవెన్ నల్లటి అద్దంలో ఆయన చేతులు రెండూ చక్కగా కనపడేవి. అమృత ఏడాదిపాటు, అడక్కుండానే టీలు పెట్టింది.

మొన్న జూన్‌లో ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. భార్గవ్ ఎన్ని కోడి తొడలు చింపినా కుట్టు కుదరలేదు. అప్పుడు గుర్తొచ్చింది కూతురు.

"అమ్మా, ఎప్పుడైనా నువ్వేమన్నా చూశావా? చూసుంటే అతనికి చెప్పమ్మా. నాతోనే పోకూడదు అది."

అతనికి చెప్పు. ఇప్పటికీ అంతే. 'నువ్వు చెయ్యి' అనడానికి ఆయనకు నోరు రాలేదు.

"ఎక్కడ నాన్నా, మీ భుజం అడ్డం కదా," అంది అమృత.

ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆమెకు సంతోషమేసింది. ఆ సంతోషం చూసుకుని తన మీద తనకే అసహ్యమేసింది. అయినా నోరు విప్పలేదు.

మంగళవారం ఆపరేషన్ థియేటర్లో గ్రహణం మొర్రితో మూడు నెలల పాప. అమృత సూది అందుకుంది. తండ్రి కుట్టు ఆమె వేళ్లలో ఎక్కడా తడబడలేదు.

పక్కనున్న భార్గవ్ ఉలిక్కిపడ్డాడు. "ఇది మావయ్యగారిదే! ఏదీ, చూడనీ అమృతా."

అతను వంగాడు. అమృత కుడిభుజం దానంతటదే ముందుకు జరిగింది. కుట్టు ముగిసేదాకా ఆమె దాన్ని వెనక్కి తీయలేదు.