ఫ్లైవీల్ వైపు నుంచి

ఆరేళ్లుగా కదలని లారీని తాడు కట్టి షెడ్డులోకి లాక్కొచ్చిన రోజున దాని యజమాని పెద్దమేస్త్రితో ఒకే మాట అన్నాడు.

"నీ తమ్ముడి చెయ్యి తగిలిన ప్రతి ముక్కా మార్చెయ్ మేస్త్రీ. బోల్టులతో సహా."

ఆ తమ్ముడి భార్య అక్కడే పీట మీద కూర్చుని డీజిల్ పళ్లెంలో గేరు చక్రాలు కడుగుతోంది. యజమాని ఆమె వైపు చూడలేదు. చూడకుండా ఉండడం అతనికి అలవాటైపోయింది. ఆమెకూ అలవాటైంది.

ఆరేళ్ల కిందట ఈ ఇంజన్ని మొత్తం విప్పి కట్టింది ఆమె భర్త చిన్నమేస్త్రే. బండి బయటికెళ్లిన పన్నెండో రోజున కొండదారి ఎక్కుతూ ఉంటే ఇంజన్ పట్టేసింది. ఇంజన్ ఆగేసరికి బ్రేకుల్లో గాలి నిలవలేదు. నిండు బరువుతో లారీ వెనక్కి జారి లోయలో పడింది. నడుపుతున్నది యజమాని అన్న. అతన్ని పైకి తీసేసరికి ఒళ్లు చల్లబడిపోయింది.

తర్వాత చిన్నమేస్త్రికి సైకిల్ చైను వెయ్యమని కూడా ఎవరూ ఇవ్వలేదు. అతను పానా పట్టడం మానేశాడు. అన్నం ముందు కూర్చున్నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏదో కొలుస్తున్నట్టు చూసుకునేవాడు. "బేరింగు సందు సరిగ్గానే పెట్టాను. మూడుసార్లు కొలిచాను" అని గొణిగేవాడు. కంచంలో అన్నం ఎండిపోయేది. రెండేళ్లు అలా కుళ్లి కుళ్లి, మంచం పట్టి పోయాడు. ఆ తర్వాత బావగారు ఆమెను షెడ్డులో కడుగుడు పనికి పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఈ పాత లారీ అవసరం పడింది. వానాకాలం మొదలైతే కొండ మీది పల్లెలకు దారి సగం రోడ్డు, సగం వాగు. పిండీ మందులూ చేరవెయ్యాలంటే ఆ రాళ్లలో నిలబడే బండి కావాలి.

"కొత్త బండ్లున్నాయిగా?" అని యజమానిని ఎవరో అడిగితే పెద్దమేస్త్రే జవాబిచ్చాడు.

"కొత్త బండి తుమ్మితే పట్నం నుంచి కంప్యూటర్ దిగాలి. ఇదైతే నాలుగు పానాలూ ఒక సుత్తీ ఉంటే వాగు మధ్యలోనైనా లేచి కూర్చుంటుంది."

మూడో రోజుకి పిస్టన్లు బయటికొచ్చాయి. ఇంజన్ని తలకిందులు చేసి, పిస్టన్లు తిప్పే ఇరుసును, అంటే క్రాంకును, పట్టి ఉంచే ఏడు బేరింగ్ క్యాపుల్నీ పెద్దమేస్త్రి వరసగా విప్పి ఆమెకు అందించాడు. రెండు చోట్ల బేరింగు కాలి నల్లగా మాడిపోయి ఉంది. ఆమె క్యాపుల్ని అదే వరసలో గోనెపట్టా మీద పెట్టుకుని ఒక్కొక్కటే కడిగింది.

ఏడింటిలో మొదటిదీ చివరిదీ నడిమిదీ ఆకారం చూస్తేనే తెలిసిపోతాయి. మిగతా నాలుగూ కవలపిల్లల్లా ఉంటాయి. కానీ అవి ఇంజన్‌తో పుట్టినవి, కొత్తవి వెయ్యడానికి లేదు, దేని చోటు దానిదే. ఒకదాని చోట్లో ఇంకొకటి బిగిస్తే క్రాంకు మెడ పట్టుకున్నట్టే. అందుకే మేస్త్రీలు వాటి మీద ఉలితో చుక్కలు కొట్టుకుంటారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పెద్దమేస్త్రి బస్సుల డిపోలో పని నేర్చినవాడు, రేడియేటర్ వైపు నుంచి లెక్కపెడతాడు. చిన్నమేస్త్రి ట్రాక్టర్లు బాగుచేసే ముసలాయన దగ్గర నేర్చాడు. అతని లెక్క వెనక నుంచి, ఇంజన్ చివర ఉండే బరువైన చక్రం ఫ్లైవీల్ వైపు నుంచి. ఇద్దరూ ఒకే కప్పు కింద ఇరవయ్యేళ్లు పనిచేశారు గానీ ఒకరు విప్పిన ఇంజన్లో ఇంకొకరు చెయ్యి పెట్టేవారు కాదు. కాబట్టి ఆ తేడా ఎప్పుడూ తగాదా కాలేదు. మధ్యాహ్నం అన్నం తెచ్చి, భర్త పని అయ్యేదాకా పక్కనే కూర్చునే ఆమెకు మాత్రం ఆ వరస కళ్లకు కట్టినట్టు ఉండేది.

ఆ నాలుగింటిలో రేడియేటర్ పక్క నుంచి వచ్చిన క్యాపు మీద ఒక చుక్క ఉంది.

ఆమె గుడ్డతో తుడిచి మళ్లీ చూసింది. ఒకటే. తన భర్త బిగించి ఉంటే అక్కడ నాలుగు ఉండాలి.

"బావగారూ, ఇవి ఉన్న వరసలోనే విప్పారా?"

"కళ్లు కనిపించడం లేదా? ఒకటి, రెండు, మూడు, నాలుగు. చుక్కలున్నాయిగా."

"ఆయన వెనక నుంచి లెక్కపెట్టేవారు."

"వాడు పడుకుని కాళ్ల నుంచి కూడా లెక్కపెట్టగలడు. నువ్వు కడుగమ్మా."

ఆమె కడిగింది.

రెండు రోజులకు లేతు షాపు నుంచి వేరే క్రాంకు అరగదీయించి తెచ్చారు. కొత్త బేరింగులు వేసి, తన లెక్క ప్రకారం క్యాపులు బిగించి, పెద్దమేస్త్రి క్రాంకు తిప్పబోయాడు. కదల్లేదు. పొడుగాటి రాడ్డు తగిలించి బరువంతా వేస్తే మూలుగుతూ పావు చుట్టు తిరిగింది.

"కొత్త బేరింగు కొత్త కోడలి లాంటిది. నాలుగు రోజులు బిగుసుకునే ఉంటుంది. తర్వాత అదే సర్దుకుంటుంది" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"నేనూ కోడలిగానే వచ్చాను బావగారూ. ఎవరి చోట్లోనో కూర్చోబెడితే నేనూ తిరిగేదాన్ని కాదు." ఆమె పీట మీది నుంచి లేచింది. "ఆ నాలుగూ ఒక్కసారి తిరగేసి బిగించండి. నా మాట తప్పైతే మళ్లీ నోరెత్తను."

విసుక్కుంటూనే విప్పాడు. విసుక్కుంటూనే వెనక నుంచి ముందుకు పెట్టి బిగించాడు. రాడ్డు అందుకోబోయి, ఎందుకో ముందు వట్టి చేత్తో తిప్పి చూశాడు. క్రాంకు చప్పుడు లేకుండా నిండు చుట్టు తిరిగింది. నమ్మలేనట్టు మళ్లీ తిప్పాడు. మళ్లీ తిరిగింది. చెయ్యి దాని మీదే ఉండిపోయింది.

"ఆరేళ్ల కిందట ఈ క్యాపులు బిగించే రోజున అత్తయ్య జారిపడితే ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆయనే. క్యాపులు గుడ్డ మీద పెట్టి పరుగెత్తారు. బిగించిందెవరు బావగారూ?"

"బండి కావాలని యజమాని వాళ్లు నెత్తిన కూర్చున్నారు. వాడి చుక్కల ప్రకారమే బిగించాను."

ఆరేళ్ల కిందట తమ్ముడు అడిగినప్పుడూ అదే మాట చెప్పాడు. తమ్ముడు నమ్మాడు. అన్న బిగింపు తప్పు కాదు గనక తన కొలతే తప్పనుకున్నాడు. అది ఎక్కడ తప్పిందో దొరక్కే పోయాడు.

"క్రాంకు బిగువుగా తిరిగిందా అన్నయ్యా అని కూడా అడిగాడు" అన్నాడు పెద్దమేస్త్రి. "మామూలేలే అన్నాను." "ఈ మాట బయటికి పొక్కనివ్వకమ్మా. షెడ్డు మూసుకోవాల్సొస్తుంది. నువ్వు కూడా రోడ్డున పడతావు."

"నేను పడి నాలుగేళ్లయింది."

సాయంత్రం యజమాని పని చూసుకోవడానికి వచ్చాడు. పెద్దమేస్త్రి రింగుల గురించీ ఆయిలు పంపు గురించీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె డీజిల్ పళ్లెం పక్కకు జరిపి ఎదురుగా వచ్చి నిలబడింది.

"అసలు సంగతి చెప్పండి బావగారూ."

చెప్పాడు. యజమాని మొహం చూడకుండా, క్రాంకును చూస్తూ చెప్పాడు. రెండు రకాలుగా బిగించి తిప్పి చూపించాడు కూడా. యజమాని బల్ల మీది పెద్ద పానా అందుకున్నాడు. పెద్దమేస్త్రి తప్పుకోలేదు. ఎత్తిన పానాని యజమాని మళ్లీ బల్ల మీదే పెట్టేశాడు. అప్పుడు ఆరేళ్లలో మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"ఈ చుక్కల సంగతి తెలిసి కూడా ఇన్నాళ్లూ నోరు మూసుక్కూర్చున్నావా?"

"ఇంజన్ విప్పితేనే కదా తెలిసేది. ఒక్కసారి విప్పి చూసుకుంటానని ఆయన మీ గుమ్మం ముందు మూడు రోజులు నిలబడ్డారు. మీరు చూడనిచ్చారా?"

అతను తువ్వాలుతో మొహం రుద్దుకున్నాడు. బయట మబ్బు పట్టింది.

"వానలు దగ్గర పడ్డాయి. ముందు బండి పూర్తి చెయ్యండి" అన్నాడు చివరికి.

"చేస్తాం. టీ కొట్టు దగ్గర పదిమందిలో ఆయన్ని హంతకుడన్నారు. అక్కడే నిలబడి కాదని చెప్పండి."

"రేపు చెబుతాలే."

"ఇప్పుడు."

యజమాని ముందు నడిచాడు. ఆమె చేతులు కూడా తుడుచుకోకుండా వెనక వెళ్లి రోడ్డుకి ఇవతలే ఆగింది. పెద్దమేస్త్రి షెడ్డు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. కొట్టు దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు.

"ఏమన్నా, బండి లేచిందా?" అని ఒకడు పలకరించాడు.

"లేస్తుంది."

"ఈసారైనా సరైన చేతుల్లో పెట్టావు. ఆ చచ్చినోడి పనితనం మామూలుదా!" అని ఇంకొకడు నవ్వాడు.

యజమాని నవ్వలేదు. టీ గ్లాసు అందుకున్నాడు. తాగాడు. నోరు తెరిచి, మూసుకున్నాడు. రోడ్డుకి అవతలి నుంచి ఇటు చూశాడు. ఆమె చేతుల మీద డీజిల్ ఆరి చర్మం బిగుసుకుంటోంది.

కొట్టువాడు ఖాళీ గ్లాసు కోసం చెయ్యి చాచాడు. యజమాని ఇవ్వలేదు. చినుకులు మొదలయ్యాయి. ఒకరిద్దరు చూరు కిందికి జరుగుతూ ఆమెను కూడా లోపలికి రమ్మని పిలిచారు.

ఆమె కదల్లేదు.