పతకం మీద పూత

గిల్టుగాడి మీద ఫైరాయన కక్ష ఇవాళ్టిది కాదు. వాడు నగలకు బంగారుపూత పూసే మనిషి. పరాయివాడా అంటే కాదు, సాక్షాత్తూ పెళ్లాం తమ్ముడు, పైగా పక్కింటివాడు. ఫైరింజను ఎక్కి ఈయన ఎవరిదో గోడౌను ఆర్పుతున్న రోజు చూసి, రెండు పెరళ్ల మధ్య గోడను వాడు ఇటు జరిపి కట్టేసుకున్నాడు. ఆరేళ్లుగా మాటల్లేవు. "కోర్టుకెక్కకపోతే నా పేరు మార్చుకుంటా" అని మాత్రం ఈయన వారానికోసారి ఆ గోడకు వినపడేలా అరిచేవాడు. కోర్టుకీ ఎక్కలేదు, పేరూ మారలేదు.

ఇంతలో పతకం వచ్చింది. ఇరవై ఏళ్లు మచ్చ లేకుండా మంటలార్పిన వాళ్లకి దేశం ఇచ్చే దీర్ఘ సేవా పతకం. మర్నాడు పొద్దున పరేడ్లో గుండెకి పెట్టుకుని నిలబడాలి.

పెట్టె తెరిస్తే కాస్త మసకగా కనిపించింది. రోజూ డ్యూటీ ఎక్కగానే గొట్టాల ఇత్తడి మూతులు తోమిన చెయ్యి ఊరుకుంటుందా? స్టేషన్ పాలిష్ పొడి వేసి, పాత బనీను గుడ్డతో పళ్లు బిగించి రుద్దాడు. పసుపంతా గుడ్డకంటింది. పతకం తెల్లబోయింది. దాన్ని చూసి ఈయనా తెల్లబోయాడు.

ఇల్లాలు తొంగిచూసింది. "ఇరవై ఏళ్ల సర్వీసుని పావుగంటలో కడిగేశారే!"

"నవ్వకే. ఇత్తడనుకున్నా."

"మీ కళ్లకి అన్నీ ఇత్తడే. నన్ను మాత్రం ఏనాడు బంగారమన్నారు గనక!"

ఆదివారం. బజార్లో పూతకొట్లన్నీ మూసున్నాయి.

"మా తమ్ముడున్నాడుగా."

"వాడి గడప తొక్కను."

"తొక్కకండి. గోడ మీంచి చెయ్యి చాపండి. అందేలా దగ్గరికే జరిపాడుగా."

స్టూలెక్కి దగ్గాడు. "ఒరేయ్!"

"బావా! ఆరేళ్లకి పిలిచావు, ఎక్కడైనా అంటుకుందా ఏంటి?"

"అంటుకోలేదు, ఊడింది." పతకం అందించాడు.

గిల్టుగాడు దాన్ని వెలుగులో తిప్పి చూసి నాలుక చప్పరించాడు. "ఏ పుణ్యాత్ముడు తోమాడు బావా? గిన్నెలు తోమేవాళ్లు కూడా ఇంత కసిగా తోమరే!"

"ఎంతో చెప్పి చావు."

"అక్క మొగుడి దగ్గర డబ్బేంటి, పాపం తగలదూ? గోడ ఎక్కడుందో అక్కడే ఉండనీ. ఇంక దాని జోలికి రాకు. అక్కే సాక్షి."

ఫైరాయన గోడ వంక చూశాడు, పతకం వంక చూశాడు. వెనక నించి ఇల్లాలు, "ఒప్పుకోండి బాబూ, ఆ అరుపులు విన్లేక నా చెవులు చిల్లులు పడుతున్నాయి" అంది.

"పూత మందంగా వెయ్యి," అన్నాడు ఈయన, మందు మింగినట్టు.

మర్నాడు వరుస చూసుకుంటూ వస్తున్న పెద్దాఫీసరు సరిగ్గా ఈయన ముందే ఆగాడు. "అందరికన్నా నీదే మెరుస్తోందయ్యా!"

"తోముకుంటానండి" అన్నాడు, అలవాటు కొద్దీ.

ఆఫీసరు అటు కదలగానే పక్కనున్న డ్రైవరు చెవిలో గొణిగాడు. "పూత వేయించావు కదూ? ఎంతైంది గురూ?"

"రెండు గజాల వెడల్పు, పదకొండు గజాల పొడుగు."

"అదేం లెక్క?"

ఫైరాయన ఛాతీ తగ్గించకుండా, పెదవి కదపకుండా చెప్పాడు. "ఇరవై రెండు గజాల నేల."