భోక్తగారి చిగుళ్లు

రాజమండ్రిలో పళ్ళ డాక్టరు కౌముది, మార్కండేయులుగారి నోరంతా చూసి చెయ్యి కడుక్కుంది.

"పళ్ళు గట్టివేనండి, పట్టుకున్న చిగుళ్లే వదిలేస్తున్నాయి. కదిలేవి తీయించేసి కట్టుడు పళ్ళు పెట్టించుకోవచ్చు. లేదంటే వేళ్ళదాకా పాచి గీకి శుభ్రం చేస్తాను. దానికీ లొంగని చోట చిగురు విప్పి, లోపల శుభ్రం చేసి కుట్లు వేస్తాను. చాలామటుకు నిలుస్తాయి."

"గారె నమలొచ్చామ్మా?"

"ఇంత చెబితే గారె సంగతా అడుగుతారు!" అని నవ్వింది.

ఆయనకు అసలు సంగతి అదే. తద్దినాల్లో పితృదేవతల స్థానంలో కూర్చుని భోంచేసే భోక్త ఆయన. వచ్చే నెలలో సూరమ్మగారి తద్దినం. ఆవిడ బతికున్నన్నాళ్ళూ భర్త తద్దినానికి ఈయన్నే పిలిపించేది. ఆ రోజు పొద్దున్నే వీధి మొదట్లోకే రుబ్బురోలు చప్పుడు వినిపించేది. ఆయన గారె కొరుకుతుంటే ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి కళ్ళొత్తుకునేది. "మా వారు తిన్నట్టే ఉంది నాయనా" అనేది. ఇప్పుడు ఆవిడ కోసమే కూర్చోవాలి. ఈమధ్య జామకాయ కొరికినా దాని మీద నెత్తురు కనబడుతోంది. అదే విస్తట్లో కనబడితే తద్దినం చెడినట్టే.

"రెండు పూటలా మెత్తటి బ్రష్షుతో తోముకోండి."

"ఏకాదశికీ తద్దినాలకీ పళ్ళు తోమకూడదని శాస్త్రమమ్మా."

"ఉప్పునీళ్ళు పుక్కిలించొద్దని కూడా ఉందా అందులో?"

"లేదు. పుక్కిలించమనే ఉంది."

"మరింకేం! మీ శాస్త్రమూ నేనూ ఒక మాట మీదే ఉన్నాం."

ఇంటికొచ్చి చెబితే ఆయన భార్య వరహాలక్ష్మిగారు ఆలోచనలో పడ్డారు. "కట్టుడు పళ్ళు మడికి పనికొస్తాయాండీ? వాటినీ తడిపి ఆరేసుకోవాలా?"

"వెటకారమా?"

"రామ రామ, నిజంగానే అడుగుతున్నా."

ఆయనకూ తెలియలేదు. దేవుడిచ్చిన పన్ను ఊడితే పోని మడి, మనిషి చేసిన పన్ను పెట్టుకుంటే ఎందుకు పోతుంది? ఎవరినడిగినా ఓ శ్లోకం చదువుతారు తప్ప జవాబు చెప్పరు. ఎందుకొచ్చిన గొడవని, ఉన్నవాటినే నిలుపుకుందామనుకున్నారు.

పాచి గీకాక ఎడమవైపు కుదుటపడింది. కుడివైపు కింద చిగురు విప్పక తప్పలేదు. కుట్లు వేసి, కొన్నాళ్ళు మెత్తనివే తినమంది డాక్టరమ్మ. ఇంతలో తద్దినం దగ్గరపడింది.

ఆయన సూరమ్మగారి కొడుకు జగన్నాథరావు ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు. "ఈసారికి మరొకర్ని చూసుకో నాయనా. గారె నమల్లేను. వడ్డించింది వదిలేస్తే అమ్మకి అపచారం" అన్నారు. ఒకసారి మరొకరు కూర్చుంటే ఆ పీట మళ్ళీ తనది కాదు.

జగన్నాథరావు వచ్చి ఆయన పక్కనే కూర్చున్నాడు.

"ఆఖర్లో మా అమ్మకి నోట్లో ఒక్క పన్నయినా ఉందేంటండీ?"

"ఏమో, ఎప్పుడూ గమనించలేదు."

"గారె పెరుగులో నానేసి వేళ్ళతో మెదుపుకునేది. మేం నవ్వితే, 'పళ్ళున్న వెధవలు, మీకేం తెలుసర్రా దీని రుచి' అని తిట్టేది. మీరు కూర్చునేది ఆవిడ స్థానంలో కదండీ? కరకరలాడేవి పెడితే ఆవిడెలా తింటుంది?"

శాస్త్రం ఒప్పుతుందా అని అడగబోయి, మానేసి, మార్కండేయులుగారు సరేనన్నారు.

తద్దినంనాడు జగన్నాథరావు భార్య సత్యకుమారి, పెరుగులో నానిన గారెను అరిటాకులో వడ్డించింది. ఆయన ఎడమవైపు పెట్టుకుని నెమ్మదిగా మెదిపారు. మినపపిండి కమ్మదనం, పెరుగు పులుపు, అల్లం ఘాటు. ఇన్నేళ్ళు కరకర చప్పుడులో పడి ఈ రుచే తెలియలేదు. నెత్తురు చవి ఎక్కడా లేదు.

భోక్త మాట్లాడకూడదు. అందుకని ఆకులో ఖాళీ చోటు వేలితో చూపించారు. సత్యకుమారి గబగబా లోపలికెళ్ళి ఇంకోటి తెచ్చి వేసింది. గోడ మీద కాకులు పిండాల కోసం అరుస్తున్నాయి. ఆయన్ని మాత్రం ఎవరూ తొందరపెట్టలేదు.