వెన్నెల్లో కొట్టిన వెదురు

సారపాకలో పేపరు మిల్లు పొద్దుటి షిఫ్టు లోపలికి పోయి, రోడ్డు మీద సైకిళ్ళ రద్దీ తగ్గితేగానీ మురళీకృష్ణ షట్టరు ఎత్తడు. ఎత్తగానే ఊడుస్తాడు, నీళ్ళు చల్లుతాడు, పక్క హోటలు నుంచి చాయ్ వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడడు. చాయ్ తాగాక మాత్రం ఆపడం కష్టం. ట్రాక్టర్లకు, ఆటోలకు, జామాయిలు లారీలకు పాటల పెట్టెలు బిగించడం అతని పని. మిల్లులో ఎనిమిదేళ్ళు కాంట్రాక్టు మీద గుజ్జు కలిపిన చెయ్యి కాబట్టి, ఎలుకలు కొరికిన స్పీకరుకు వెదురు గుజ్జుతో కొత్త కాగితం పోసి మళ్ళీ పాడించగలడు. ఈ చుట్టుపక్కల ఆ విద్య ఇంకెవరికీ రాదు. వచ్చని ఎవరైనా అంటే అతనికి ఒళ్ళు మంట.

అందుకే వేంసూరు నుంచి బసవపున్నయ్య అంత దూరం కారు వేసుకుని వచ్చాడు. పామాయిలు తోటల ఆసామి, డెబ్బై దాటాయి. కారు డెబ్బైనాలుగో సంవత్సరం నాటి విదేశీ స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, రెండే సీట్లు, ముదురు ఎరుపు. కుర్రతనంలో కొన్నది, ఇంతవరకు ఇంకొకరి చేతికి స్టీరింగు ఇచ్చిన పాపాన పోలేదు. ఇంట్లో నిర్మలాదేవిగారు దాన్ని సవతి అనే పిలుస్తారు.

"చూడు మురళీ, పాట కొత్త కార్లో వచ్చినట్టు రావాలి. కంటికి మాత్రం ఏ మార్పూ కనపడకూడదు. చేసిన కంపెనీవాడొచ్చి చూసినా ఇది మేం బిగించిందే అనుకోవాలి. ఎక్కడన్నా ఒక్క బెజ్జం కొట్టావో, నీకూ నాకూ చెడుద్ది. ఆదివారం హైదరాబాదులో పాత కార్ల పోటీ. టార్చిలైట్లు వేసి మరీ చూస్తారంట" అన్నాడు.

ఇలాంటి పనంటే మురళికి పండగ. పాత రేడియో విప్పి, మొహం అలాగే ఉంచి, లోపల ఫోనుతో కలిసే బోర్డు పెట్టాడు. ఇప్పుడు ఆ పాత గుండ్రటి మీట తిప్పితేనే ఫోన్లో పాట మారుతుంది. ఆంప్లిఫయరు సీటు కింద దూర్చాడు. కొత్త వైర్లకు పాత వైర్ల రంగు గుడ్డ తొడిగి కార్పెట్ కిందుగా లాగాడు. చిక్కంతా స్పీకరు దగ్గర వచ్చింది. డాష్‌బోర్డు మీద జల్లెడలాంటి రేకు ఉంటుంది, దాని బొక్కల్లోంచి చూస్తే కోడిగుడ్డు ఆకారంలో బూడిదరంగు కాగితం కనపడాలి. ఆ కాగితం ఎలుకల పాలైంది. బజార్లో దొరికేవన్నీ తళతళలాడే ప్లాస్టిక్కు. కాబట్టి కాగితం చేత్తో పోయాల్సిందే, దానికి లేత వెదురు కావాలి.

వెదురు తెచ్చేది భీమక్క. పర్ణశాల దారిలో లోపలికి ఉన్న గూడెం ఆమెది. చేటలు, బుట్టలు అల్లి వారానికోసారి సారపాక తెస్తుంది. ఆమె చేని గట్టు మీదే పెద్ద వెదురు పొద ఉంది.

"ఇప్పుడు కొట్టొద్దు మురళన్నా. వెన్నెల దినాలు. అమాస వెనక తెస్తా" అంది.

"అమాసదాంక ఆయన ఆగడక్కా. ఆదివారం పోటీ ఉంది. ఒక్క బొంగు తే, జల్దీ."

ఇక్కడే మురళి తప్పు చేశాడు. అడవి అంచున పుట్టిన చిన్నపిల్లకు కూడా తెలుసు, వెదురు చీకటి దినాల్లోనే కొట్టాలని. చీకట్లో కొట్టింది పురుగు పట్టదు, మాట్లాడదు. వెన్నెల్లో కొట్టింది నోరు మూసుకోదు. దానితో బుట్ట అల్లితే పొద్దంతా గొణుగుతూనే ఉంటుంది, ఏమంటున్నదో ఎవరికీ తెలియదు, అందులో పెట్టిన కోడి గుడ్లు పొదగదు. తెలిసీ తొందరపడ్డాడు. అతి తెలివి అంటే ఇదే.

భీమక్క కూడా ఆ రోజు గట్టిగా కాదనలేకపోయింది, ఒక బొంగు కొట్టి తెచ్చింది. ఆమె తల నిండా వేరే గొడవ ఉంది. రెండెకరాల పోడు చేనుకు పట్టా కోసం దరఖాస్తు పెట్టుకుంది. రెండు వేల అయిదుకు ముందు నుంచే దున్నుతున్నట్టు గూడెంలోని పెద్దవాళ్ళెవరైనా గ్రామసభలో సాక్ష్యం చెప్పాలి. శుక్రవారం సభ. భర్త జంపయ్య పోయి ఆరేళ్ళయింది. ఆనాడు చూసినవాళ్ళు నలుగురుంటే ముగ్గురు కాలం చేశారు, నాలుగో ఆయనకు తన పేరే గుర్తులేదు. సాక్ష్యం లేకపోతే చేను లేదు. ఉన్న మాట అంతే.

బుధవారం కాగితం ఆరింది. బిగించి, బసవపున్నయ్య, మురళి కారులో అటు ఏడు కిలోమీటర్లు, ఇటు ఏడు కిలోమీటర్లు తిరిగి చూద్దామని బయల్దేరారు. పాట అద్భుతంగా వచ్చింది. తబలా దెబ్బ ఎదురుగా కూర్చుని కొట్టినట్టుంది. ముసలాయన మొహం వెలిగిపోయింది. కిలోమీటరు పోయేసరికి పాట కింద నుంచి ఎవరో ఆవును అదిలిస్తున్న గొంతు. ఆయన రేడియో కట్టేశాడు. గొంతు ఆగలేదు.

"ఏంటయ్యా ఇది?"

మురళి తల గోక్కున్నాడు. "వెన్నెల వెదురు సార్. బుట్టలో అయితే గొణుగుడే. స్పీకరు కాగితం కదా, ఇంజను అదురుకు సాఫుగ మాట్లాడుతున్నది."

"ఆ మాత్రం తెలియదా? మా తోటలో గుంజలు కొట్టడానికే పంచాంగం చూస్తాం" అని విసుక్కుని, మళ్ళీ చెవి ఒగ్గాడు. మాటలు కోయవి, తిన్నగానే ఉన్నాయి, ఏళ్ళు మాత్రం వెనక్కి నడుస్తున్నాయి. కోత, వాన, ఎండ, మళ్ళీ కోత. గూడేలవాళ్ళతో మసిలి కోయ తెలిసిన మురళి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. కిలోమీటరుకు ఒక ఏడాది. ఆరో కిలోమీటరు దాటాక మగ గొంతు ఒకటి దగ్గుతూ వచ్చింది.

"పొద వయసెంత?" అన్నాడు బసవపున్నయ్య.

"నలభై ఉంటయేమో."

"అయితే ఇంకేం. ఒక పొద ఒక్కసారే చెబుద్ది. రేపు వేంసూరు పోయేసరికి కక్కేదంతా కక్కి ఊరుకుంటది."

వాళ్ళు తిరిగొచ్చేసరికి భీమక్క షాపు ముందు బుట్టలు దించుకుని కూర్చుంది. ఇంజను ఆపేలోపు కారు లోంచి ఎవరో కుక్కను పేరు పెట్టి పిలిచారు. ఆమె లేచి నిలబడింది.

"అది మా ఆయన గొంతు" అంది.

మురళి జరిగింది చెప్పాడు. ఆమె విన్నంతసేపు కారు వైపే చూసింది.

"దగ్గుతా ఏమన్నడు?"

"జొన్నల పందులు పడ్డయని తిట్టిండక్కా."

"అవ్, అవి కడపటి దినాలు." దగ్గరికి వచ్చి ఎర్ర బానెట్ మీద చెయ్యి వేసింది. "అయ్యా, శుక్రవారందాంక ఈ బండి ఇంజను చాలు చెయ్యకు. నా సాక్షి దీన్లనే ఉన్నడు. ఇంకో బొంగు కొట్టినా ఆ పొద మళ్ళ చెప్పదు."

బసవపున్నయ్య కారును ఇంకొకరు ముట్టుకుంటేనే సహించడు. ఆ చెయ్యి వైపు చూశాడు. పోటీ ఆదివారమే, శుక్రవారం దాకా ఇక్కడుంటే కారు కడిగే టైము కూడా ఉండదు. కానీ గట్టు తగాదాలు ఎరిగిన రైతు. పైగా, అబద్ధమెందుకు, అసలు ఆ పొద ఇంకా ఏం చెబుతుందో వినాలని ఆయనకు మహా ఆత్రంగా ఉంది.

"ఏ ఏడాది దాకా పోవాలమ్మా?"

"మా వనజ పుట్టింది ఆ చేనులనే, విత్తులేస్తుంటె. రెండు వేల ఒకటి. బడి సర్టిఫికెట్టుల ఉన్నది."

"పద్నాలుగు తిరిగాం, రెండు వేల పదకొండులో ఉన్నాం. ఇంకో పది" అన్నాడు మురళి.

గూడెం ముప్పై కిలోమీటర్లు. ఇంజను వేసుకుని పోతే వనజ పుట్టుక మధ్యదారిలోనే గాలికి పోతుంది. అందుకని శుక్రవారం పొద్దున పూల్‌సింగ్ తన ఖాళీ జామాయిలు లారీకి పలకలు ఆనించాడు. మిల్లు కూలీలు పదిమంది కారును పైకి తోశారు. దారి పొడుగునా బసవపున్నయ్య లారీ పైనే, కారులోనే కూర్చున్నాడు.

బడి ముందు సభ జరిగింది. అటవీ హక్కుల కమిటీ పెద్ద సీతయ్య ఇల్లరికపు అల్లుడు, పదేళ్ళ కిందటే గూడెం వచ్చాడు, పాత సంగతులు తెలియవు. పంచాయతీ కార్యదర్శి ప్రమీలారాణి ఆరేళ్ళుగా ఇక్కడే పనిచేస్తోంది, కోయ మాట బాగానే పట్టుబడింది. ఆమె అడిగిన సందేహం ఒక్కటే.

"పెద్దవాళ్ళ వాంగ్మూలం అని ఉంది. వెదురు పొదను పెద్ద అనొచ్చా?"

సీతయ్య ఆలోచించాడు. "దానికి నలభై, నాకు ముప్పై తొమ్మిది. నాకంటె పెద్దదే మేడమ్." ఎవరూ కాదనలేదు.

తర్వాత ఇంకో చిక్కు. కారులో ఉన్నవి రెండు సీట్లు. ఒకటి బసవపున్నయ్యది, ఆయన లేవడు. రెండోది ఎవరిది? ప్రమీలారాణి ఎక్కి వింటేనే రాయగలదు. భీమక్క ఎక్కితే జంపయ్య గొంతు వినగలదు. ఒకసారి చెప్పింది మళ్ళీ చెప్పదు.

వనజ తల్లి మొహం వైపు చూసింది. "యాయో, నువ్వు ఎక్కవా?"

"నేను ఎక్కితె రాసేదెవరు?" అంది భీమక్క. తలుపు తానే తీసి పట్టుకుంది. "కూసో మేడమ్."

కారు వెళ్ళిపోయింది. అటు అయిదు, ఇటు అయిదు. గూడెమంతా రోడ్డు పక్కన నిలబడింది. భీమక్క మాత్రం బడి మెట్ల మీద కూర్చుని గోరుతో అరచెయ్యి గీసుకుంటూ ఉంది. ఆమెకు భయంగా ఉంది. ఆ రోజు పొద వినలేదేమో, వాన చప్పుడుకు మాట కలిసిపోయిందేమో.

తిరిగొచ్చాక ఇంజను ఆగింది. బసవపున్నయ్య స్టీరింగు వదలకుండా అలాగే కూర్చున్నాడు. "మాట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పిల్ల ఏడుపు మాత్రం అర్థమైంది" అన్నాడు. ప్రమీలారాణి దిగి, రిజిస్టరు తెరిచి, తెలుగులోకి మార్చి రాసినదాన్ని పైకి చదివింది.

"అరక ఆగిన చప్పుడు. ఆడమనిషి మూలుగు. పసిబిడ్డ ఏడుపు. తరువాత జంపయ్య అనే వ్యక్తి గొంతు: 'ఆడపిల్ల. నువ్వు లేవకు భీమా. ఇంక నాలుగు సాళ్ళే ఉన్నయి, నేనేసి వస్తా. బిడ్డకు ఎండ తగలకుండ పొద నీడకు జరుగు.' సాక్షి ఇంతవరకు స్పష్టంగా చెప్పినది."

సీతయ్య చెయ్యి ఎత్తాడు, వెనక అందరివీ లేచాయి. రెండెకరాలు భీమక్క పేరు మీద తీర్మానమైంది. పట్టా కాగితం రావడానికి కొన్ని నెలలు పట్టింది గానీ, వచ్చింది.

భీమక్క ఏడవలేదు. "నాలుగు సాళ్ళని చెప్పిండు, ఆరు ఉండె" అంది వనజతో. "నేను తొందరపడి లేస్తనని."

జనం చెదురుతున్నారు. పూల్‌సింగ్ లారీకి మళ్ళీ పలకలు ఆనిస్తున్నాడు. బసవపున్నయ్య అతన్ని ఆగమని సైగ చేసి, భీమక్కను పిలిచాడు.

"మీరు ఆ చేను ఎప్పుడు కొట్టుకున్నారమ్మా మొదట?"

"పెండ్లైన ఏడు. తొంభై ఎనిమిదిల."

ఆయన వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. వంగి, పక్క సీటు మీది దుమ్ము తన కండువాతో తుడిచి, తలుపు లోపల నుంచి తోశాడు.

"అయితే ఇంకో మూడు ఉన్నాయి. ఎక్కు."

ఆమె చెప్పులు విడిచి ఎక్కింది. బసవపున్నయ్య మొదటి గేరులో వేసి, మరి మార్చలేదు. పక్కన సైకిళ్ళు దాటిపోయాయి, మేకలు దాటిపోయాయి. ఆ మూడు కిలోమీటర్లకు గంటన్నర పట్టింది.