బ్యో అనబోయి బో అన్నది

బ్యాంకులోనూ డాక్టరు దగ్గరా తప్ప ఇంగ్లీషు నోట పట్టని మనిషి, ఐర్లండ్ పడమటి అంచున కొనెమారా తీరంలోని మా ఊళ్ళో, మా మామో ఒక్కతే మిగిలింది. మామో అంటే మా నాన్నను కన్నతల్లి. పేరు బారబ్ర, వయసు ఎనభై ఎనిమిది. నేను ఆ ఇంట్లోనే పుట్టి ఆమె ఐరిష్ వింటూనే పెరిగాను. అయినా ఇరవై ఏడేళ్ళలో ఆమె నాతో ఎక్కువగా అన్న మాటలు మూడే. "కోళ్ళను మూశావా సొర్ఖా." "పొయ్యిలోకి పీటు మట్టి పెళ్ళలు తెచ్చావా." "తలుపెయ్యి, గాలి కొడుతోంది."

ఫ్రీడా వచ్చాక తెలిసింది, ఆమె దగ్గర ఇంకెన్ని మాటలున్నాయో.

ఫ్రీడా జర్మనీ పిల్ల. ఐరిష్ నేర్చుకోవడానికి వచ్చి, ఊరి చివర గది అద్దెకు తీసుకుంది. నాలుగేళ్ళు పుస్తకాల్లో నేర్చిన భాషతో రోజూ సాయంత్రం నాలుగింటికి సైకిలెక్కి మా ఇంటికొచ్చేది. మామో పొయ్యి పక్క కుర్చీలో కూర్చునేది. ఆ పిల్ల ఎదురుగా ముక్కాలిపీట మీద, ఒళ్ళో నోటుబుక్కుతో. ఆ పీట చిన్నప్పటి నుంచీ నాది.

మొదట్లో ఫ్రీడా ప్రతిదానికీ తలూపి ఊరుకునేది.

"తలూపితే ఎలా అమ్మాయ్," అనేది మామో. "అవును, కాదు అనే మాటలు మాకు లేవు. టీ తాగావా అని అడిగితే తాగాను అను, లేదా తాగలేదు అను. క్రియను పట్టుకో, అదే నిన్ను నడిపిస్తుంది."

"నిన్న చర్చికి వెళ్ళావా?" అని పరీక్ష పెట్టేది. మా భాషలో వెళ్ళడానికి ఒక రూపం, వెళ్ళకపోవడానికి దానితో ఏ పోలికా లేని ఇంకో రూపం. ఇలా అడ్డం తిరిగే క్రియలు పదకొండున్నాయి. ఫ్రీడా కళ్ళు మూసుకుని, పెదాలు కదిపి, సరైన రూపం పట్టుకొచ్చేది. మామో ఆమె గడ్డం పట్టుకుని, "చూడు సొర్ఖా, ఎంత శుభ్రంగా చెప్పిందో. నువ్వు సగం ఇంగ్లీషు కలిపి ముద్ద చేస్తావు," అనేది.

నేను వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని.

తర్వాత తర్వాత కథలు మొదలయ్యాయి. మామో పడవ మునిగి పోయిన తన తమ్ముడి గురించి చెప్పింది. పెళ్ళికి ముందు తనను అడగడానికొచ్చిన ముగ్గురి గురించి చెప్పింది. ఆ తమ్ముడి పేరు కూడా నేను అప్పుడే విన్నాను, అదీ గోడ చాటున నిలబడి. నా సొమ్మేదో నా కళ్ళముందే ఎవరో పట్టుకుపోతున్నట్టుండేది.

ఆగస్టులో మా పక్క పొలం కొలుమ్ ముసలాయన భార్య నోరీన్ పోయింది. మా వైపు అలవాటు ప్రకారం శవాన్ని ఇంట్లోనే ఉంచారు, ఊరంతా పలకరించడానికి వెళ్తోంది. మధ్యాహ్నం నాన్న మామోని కార్లో తీసుకెళ్ళాడు. నేనూ ఫ్రీడా రొట్టెల పళ్ళెం పట్టుకుని నడిచి బయల్దేరాం.

"నేను ఆయనతో ఏమనాలి సొర్ఖా?" అని అడిగింది ఫ్రీడా. "అందరూ అనే మాట వద్దు. నేనొకటి అనుకున్నాను. ఆవిడ మా జ్ఞాపకాల్లో బతికే ఉంటుంది, అని."

"బాగుంది."

ఆమె దాన్ని ఐరిష్‌లో పైకి అని చూసింది. బతికి ఉండడాన్ని మేము 'బ్యో' అంటాం. నాలుక కొంచెం పైకి లేవాలి, 'బ' మెత్తబడాలి. ఫ్రీడా నోట అది 'బో' అని బండగా పడింది. బో అంటే ఆవు.

"సరిగ్గా అన్నానా?"

అప్పుడే చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. కాని ముందురోజు మామో ఆమె జుట్టు చెవి వెనక్కి సర్దిన చెయ్యి నాకు గుర్తొచ్చింది.

"సరిగ్గానే అన్నావు," అన్నాను.

దారి పొడుగునా ఇంకో మూడుసార్లు అంది, మూడుసార్లూ నన్ను చూసింది. నేను రాతిగోడల వైపు చూస్తూ తలూపాను.

కొలుమ్ ఇల్లు జనంతో నిండి ఉంది. ఆయన శవపెట్టె పక్కన, మాసిన కోటులో, ఎవరు చెయ్యి పట్టుకున్నా పట్టించుకోకుండా కూర్చున్నాడు. రెండు రోజులుగా నోరు విప్పలేదట. ఫ్రీడా ఆయన ముందు వంగి, రెండు చేతులూ పట్టుకుని, గది అంతటికీ వినబడేలా అంది. నోరీన్ మా జ్ఞాపకాల్లో ఆవై ఉంటుంది, అని.

టీ కప్పులు ఆగిపోయాయి. కొలుమ్ కూతురి మొహం ఎర్రబడింది. నా గుండె ఝల్లుమంది, అందులో సంతోషం పాలెక్కువని ఒప్పుకుంటాను.

కొలుమ్ తలెత్తాడు. "ఏమై ఉంటుందన్నావ్?"

ఫ్రీడా మళ్ళీ అంది, ఇంకా స్పష్టంగా. మళ్ళీ ఆవే.

ముసలాయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాం. నవ్వుతున్నాడు. "ఆవా. విన్నావుటే నోరీన్," అన్నాడు పెట్టె వైపు తిరిగి. "నాకంటే ఆవుల్నే బాగా చూసుకున్నావ్, చివరికి నిన్ను వాటిల్లో కలిపేశారు." నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, అప్పుడు నిజంగా ఏడ్చాడు. ఫ్రీడాని పక్కన కూర్చోబెట్టుకుని, పెళ్ళికి నోరీన్ తోలుకొచ్చిన నల్లావు గురించి గంటసేపు చెప్పాడు. జనం చుట్టూ చేరి విన్నారు. తనేం తప్పన్నదో ఎవరో చెవిలో చెబితే ఫ్రీడా చెవులదాకా ఎర్రబడింది. అయినా కొలుమ్ ఆమె చెయ్యి వదల్లేదు.

నేను తలుపు దగ్గర పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. గోతిలో పడుతుందనుకున్న పిల్లను ఊరంతా భుజాన ఎత్తుకుంది.

తిరిగొచ్చేటప్పుడు, ఫ్రీడా ఇంకా అక్కడే ఉండగా, కార్లో మామో పక్కన కూర్చున్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూనే అడిగింది. "దారిలో ఆ పిల్ల ఆ మాట నీ ముందు అని చూసుకుందా?"

"చూసుకుంది."

"నువ్వు విన్నావా?"

"విన్నాను."

అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే ఫ్రీడా గదికి వెళ్ళాను. ఆమె నల్లావు కథ రాసుకుంటోంది. నిలబడే చెప్పేశాను. "నువ్వు తప్పన్నావని నాకు తెలుసు. కావాలనే ఊరుకున్నాను."

ఆమె పెన్ను కింద పెట్టింది. "నాలుగుసార్లు అడిగాను నిన్ను."

"నాలుగుసార్లూ విన్నాను."

"ఎందుకు?"

"మామో నీతో మాట్లాడినట్టు నాతో మాట్లాడదు."

ఫ్రీడా నోటుబుక్కు మూసేసింది. "నీకీ భాష తల్లిపాలతో వచ్చింది సొర్ఖా. నేను అద్దం ముందు నాలుక మడిచి మడిచి ఏడ్చాను. అయినా కుళ్ళుకునేది నువ్వా?" అని తలుపు చూపించింది.

వారం రోజులు ఆమె మా ఇంటికి రాలేదు. నాలుగయ్యేసరికి మామో కిటికీ వైపు తిరిగేది. మూడోరోజు ఉండబట్టలేక అడిగాను. "ఆ పిల్లకు చెప్పినవన్నీ నాకెందుకు చెప్పలేదు మామో?"

"అది అడిగింది," అంది మామో. "నువ్వెప్పుడైనా అడిగావా? నేను నోరు విప్పితే ఫోను చూసుకునేదానివి. గోడకు చెప్పుకోమన్నావా నన్ను?"

ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాను. ఏం అడగాలో తెలియలేదు. చివరికి, "ఆ వచ్చిన ముగ్గురిలో తాతయ్య ఎన్నోవాడు?" అన్నాను.

"ఎన్నోవాడూ కాదు. మీ తాత అసలు రాలేదు, నేనే వెళ్ళాను," అని మొదలుపెట్టింది. పొయ్యి రెండుసార్లు ఎగదోశాను, కథ అవ్వలేదు. మధ్యలో తాత మనసు గురించి ఒక మాట వాడింది. నేనెప్పుడూ విననిది. అర్థం అడిగితే, "దానికి వేరే మాట లేదు, అదే మాట," అంది.

ఎనిమిదో రోజు వాకిట్లో సైకిలు చప్పుడైంది. ఫ్రీడా నన్ను పలకరించకుండానే లోపలికి వచ్చి, మామో బుగ్గ ముద్దుపెట్టుకుని, తనే ఇంకో కుర్చీ లాక్కుంది. టీ ఇస్తూ, తాత గురించి మామో వాడిన ఆ మాటకు అర్థం ఫ్రీడాను అడిగాను. అడగడానికి నా ప్రాణం ఎంత గింజుకుందో నాకే తెలుసు.

"రావాలనీ ఉంటుంది, రావడానికి సిగ్గూ ఉంటుంది. అలాంటి మనసు," అంది ఫ్రీడా, నా వైపు చూడకుండా. "పాత మాట. జూన్‌లో చెప్పింది నాకు."

జూన్‌లోనట. మళ్ళీ చురుక్కుమంది. అయినా ఆ మాటను ఆమె ముందే రెండుసార్లు పైకి అన్నాను. రెండోసారి ఫ్రీడా, "చివర అంత సాగదీయకు," అని దిద్దింది.