పెద్దమనిషి వచ్చిండు గదా

ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లులో పత్తి కుప్ప తగలబడితే, కుప్ప దగ్గర పనిచేసే ఇస్తారిని తెల్లారేసరికి పోలీసులు పట్టుకుపోయారు. బీడీ పారేసి అంటించాడట. జన్మలో బీడీ ముట్టని మనిషి! ఆ మాట అతని పెళ్లాం సరోజన ఎంతమందికి చెప్పిందో, ఆఖరికి అది వేరే ఎవరి సంగతో అన్నట్టు ఆమెకే వినబడసాగింది.

స్టేషన్ గేటు దగ్గర జ్యోతిరాణి ఎదురైంది. పేదల తరఫున ఫీజు లేకుండా వాదించే వకీలు ఆమె.

“అక్కా, పోలీసులు అడుగుతున్నప్పుడు వకీలును కలిసే హక్కు మీ ఆయనకున్నది. మీరు ఊ అంటే ఇప్పుడే లోపలికి పోత.”

సరోజన బెదిరిపోయింది. “వద్దమ్మా! తప్పు చేసినోళ్లు పెట్టుకుంటరు వకీలును. మా ఊరి పెద్దమనిషి వచ్చిండు గదా, ఆయనే మాట్లాడుతడు.”

వచ్చాడు మహానుభావుడు, కైలాసం! తెల్ల అంగీ, భుజాన తువ్వాల. ఊళ్లో పొలం గెట్టు తగాదా అయినా, ఆలుమగల కొట్లాట అయినా ఆయన కూర్చుంటేనే తెగుతుంది. స్టేషన్ కూడా అలాంటి పంచాయితీయేనని ఊరంతటికీ ధీమా. ఆ ధీమా మండిపోను!

జ్యోతిరాణి చీటీ మీద ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్లిపోయింది. సరోజన చీటీని కొంగున ముడేసుకుంది.

గంట తర్వాత కైలాసం మీసం తుడుచుకుంటూ బయటికొచ్చాడు. లోపల చాయ్ పోసినట్టున్నారు.

“ఫికర్ జెయ్యకు సరోజనా. ‘తప్పయింది’ అని రాసిన కాయితం మీద ఇస్తారితోని సంతకం పెట్టించిన. తప్పొప్పుకున్నోన్ని ఏ పంచాయితీలనన్న ఇడిచిపెడుతరు గదా. పొద్దూకేవరకు ఇంట్ల ఉంటడు.”

“ఆయన ఏం జెయ్యలేదు గదా, పటేలా?”

“చెయ్యకపోతేంది? మాట తెగిపోయింది.”

పొద్దు వాలకముందే జీపు కదిలింది, ఇంటికి కాదు, కోర్టుకు. వెనకే ఆటోలో సరోజన, కైలాసం.

“నీ తరఫున వకీలు ఉన్నారా?” జడ్జి అడిగాడు.

ఇస్తారి వెనక్కి తిరిగాడు. “మా పెద్దమనిషి ఉన్నడు సార్,” అని వేలు చూపించాడు. కైలాసం గోడవైపు మళ్లి తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నాడు.

సరోజనకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. కొంగు ముడి విప్పబోయింది. ముడి ఊడలేదు.

“ఎవరూ లేరా?” జడ్జి మళ్లీ అడిగాడు.

“ఉండె సార్,” అన్నది సరోజన. “నేనే వద్దన్న.”